అమ్మకు పంపిన పండుగ ఫొటో

జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న విశాఖ అమ్మాయి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 24. ఇల్లు గాజువాక దగ్గర. పేరు, చదువుకునే ఊరు వేయవద్దన్నారు. అవి వదిలేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు. రంజాన్ నెలంతా అందరూ ఒక్కపొద్దులుంటారు. పండుగనాడు తెల్లవారకముందే అమ్మ లేచి పాలు మరగబెడుతుంది. నాన్న, అన్నయ్య కొత్తబట్టలు వేసుకుని, అత్తరు రాసుకుని ఈద్గాకి వెళ్తారు. ఈ అమ్మాయి అమ్మ పక్కన కూర్చుని జీడిపప్పు, ఎండు ఖర్జూరం తరుగుతుంది. మగవాళ్లు తిరిగొచ్చేసరికి ఖుర్మా, అంటే పాలు పోసి చేసే సేమియా పాయసం, తయారు. తర్వాత వీధిలో ఇంటింటికీ క్యారేజీల్లో బిర్యానీ, ఖుర్మా తీసుకెళ్లి ఇచ్చే పని ఈమెదే. సాయంత్రం అందరూ కలిసి ఆర్కే బీచ్‌కి వెళ్తారు. "నాకు తెలిసిన పండుగ ఇదే" అని రాశారు.

జర్మనీలో ఉండేది చిన్న ఊరు. ఫ్లాట్‌లో నలుగురు అమ్మాయిలు. ఈమె కాక ఇద్దరు తెలుగువాళ్లు, ఒకరు వియత్నాం నుంచి వచ్చారు. వంటగది ఒకటే. ఊళ్లో తుర్కీవాళ్లు నడిపే మసీదు ఉంది. 2025 మార్చి 1న ఆ మసీదు ప్రకటన ప్రకారం ఈమె ఒక్కపొద్దులు మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్లు మర్నాడు మొదలుపెట్టారు. మొదటి వారంలో ఒకరోజు మసీదులో ఇఫ్తార్‌కి వెళ్తే, మన దేశం నుంచే వచ్చిన ఒక అమ్మాయి ఉర్దూలో పలకరించింది. ఈమె ఇంగ్లిష్‌లో జవాబిచ్చారు. "ఉర్దూ రాదా? మరి ముస్లింవి ఎలా అయ్యావు?" అంది ఆ అమ్మాయి, నలుగురిలో. ఆ తర్వాత ఈమె మసీదు గడప తొక్కలేదు.

మార్చి 30, ఆదివారం అక్కడ ఈద్. ముందురోజు ఫోన్ చేస్తే అమ్మ, "మాకు రేపు 29వ ఒక్కపొద్దే తల్లీ. నెలవంక కనబడకుండా పండుగేంటి? మాతోపాటే చేసుకో" అంది. నాన్నదీ అదే మాట. దాంతో ఆదివారం నమాజుకు వెళ్లలేదు. ఉండాలో వద్దో తెలియక ఒక్కపొద్దు కూడా ఉన్నారు. శనివారం రాత్రే అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారు, నిద్ర కూడా సరిగా లేదు. మధ్యాహ్నం ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగే పార్ట్‌టైమ్ షిఫ్ట్. అక్కడ పనిచేసే సిరియా కుర్రాడు "ఈద్ ముబారక్" అంటూ చేతిలో ఖర్జూరం పెడితే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తినేశారు.

సోమవారం విశాఖలో పండుగ. ఆ రోజు ఈమెకి మసీదులో నమాజు లేదు, ఫ్లాట్‌లో ఎవరూ లేరు. అమ్మ "ఏం వండుకున్నావు, ఫొటో పెట్టు" అంది. డిసెంబరులో రూమ్మేట్ పుట్టినరోజున తీసిన బిర్యానీ ఫొటో ఫోన్‌లో ఉంటే అది పంపారు. అమ్మ దాన్ని వీధంతా చూపించింది. రాత్రి మాత్రం ఒక్క మాట అడిగింది. "వెనకాల కిటికీకి ఆ కాగితం నక్షత్రం ఏంటమ్మా?" క్రిస్మస్‌కి కట్టింది ఇంకా తీయలేదని చెప్పి తప్పించుకున్నారు. జూన్ 6, శుక్రవారం బక్రీదు. ల్యాబ్ ఉంది. సెలవు అడగడానికి మొహమాటపడ్డారు. అమ్మ అడిగితే నమాజుకు వెళ్లానన్నారు.

ఇప్పుడు మళ్లీ రంజాన్ వస్తోంది. "ఈసారి పండుగ పొద్దున వీడియో కాల్ చేస్తాం, మీ మసీదు, నీ స్నేహితులు అందరినీ చూపించాలి" అని అమ్మ ఇప్పటినుంచే చెబుతోంది. తెలుగు రూమ్మేట్లేమో "ఈసారి మన ఫ్లాట్‌లోనే ఈద్ చేద్దాం" అంటున్నారు. పంది మాంసం కూడా వండుకునే వంటగదిలో పండుగ వంట ఎలాగని ఈమె సంకోచం. చివర్లో ఇలా రాశారు: "అమ్మకి అబద్ధం చెప్పాను. అల్లాకి ఏం చెప్పను? నాకు నమ్మకమే తగ్గిపోయిందేమో. ఇక్కడున్నంత కాలం పండుగ మానేస్తే ఏమవుతుంది?"

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మా పిల్లల వయసుదానివి, "నువ్వు" అంటే ఏమీ అనుకోవని చనువు తీసుకుంటున్నాను.

చివర నువ్వడిగినదాన్నే ముందు తీసుకుంటాను. నిన్ను నిద్రపోనివ్వనిది అదేనని తెలుస్తోంది. రూమ్మేట్లకి మెలకువ రాకూడదని వంటగదిలో లైటు వేయకుండా, ఫోన్ వెలుతురులో బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్డు తిని సహరీ, అంటే తెల్లవారకముందు తినే తిండి, ముగించేదాన్నని మూడో పేజీలో రాశావు. అదేదో మామూలు సంగతన్నట్టు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. నువ్వు మధ్యాహ్నం అన్నం తిన్నా గాజువాకలో ఎవరికీ తెలిసేది కాదు. అయినా నెలంతా ఉన్నావు. నమ్మకం తగ్గిన మనిషి చేసే పని కాదమ్మా అది. ఆ విషయంలో నీ మీద నువ్వు పెట్టుకున్న నేరాన్ని ముందు పక్కన పెట్టు, మిగతావి మాట్లాడుకుందాం.

నాకు కనిపించిన అసలు ముడి వేరే ఉంది. మనవైపు చాలా ఇళ్లలో ఈద్ నమాజు మగవాళ్లది, పండుగ వంట ఆడవాళ్లది. నేను పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో, దర్గా కొండ కింద. పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకో కొండ మీద మేరీమాత చర్చి, కింద హార్బరు. ఊరంతా చుట్టాలే, అన్ని పండుగలూ చూశాను. కానీ పెళ్లయి పిల్లలు పుట్టేదాకా ఈద్ నమాజు ఎలా చేస్తారో నేను కళ్లతో చూడలేదు. నాన్న ఈద్గా నుంచి వచ్చి, కుర్తా జేబులోంచి మడత నలగని నోటు తీసి ఈదీ ఇస్తే, అదిగో నమాజు అయిపోయింది అనుకునేదాన్ని. నీ సంగతీ అంతే. నీకు తెలిసిన పండుగంతా అమ్మ పొయ్యి దగ్గర, క్యారేజీల్లో, వీధిలో ఉంది. విమానం ఎక్కేసరికి అది గాజువాకలో ఉండిపోయింది. మిగతా సగం, అంటే నమాజు, నీ చేతికి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. ఉర్దూ మాట తగలకముందే నీకు మసీదు కొత్తచోటు. అందుకే ఒక్క మాటకే వెనక్కి వచ్చేశావు.

ఇది తెలిస్తే నీ బరువు కొంత తగ్గుతుందనుకుంటున్నాను. హనఫీ అనే ధర్మశాస్త్ర పద్ధతిలో ఈద్ నమాజు ఆడవాళ్ల మీద వాజిబ్, అంటే తప్పనిసరి, కాదు. మీ అమ్మ ఇన్నేళ్లూ ఇంట్లోనే ఉండి పండుగ చేసింది, ఆమె పండుగలో ఏ లోటూ లేదు. కాబట్టి 2025లో నమాజుకు వెళ్లలేదన్న పాపభయం నీకు అక్కర్లేదు. అలాగని ఆ తలుపు నీకు మూసిందీ కాదు. ఈద్ రోజు పెళ్లికాని ఆడపిల్లల్ని, నెలసరిలో ఉన్నవాళ్లని కూడా ఈద్గాకి తీసుకురమ్మని, నెలసరివాళ్లు నమాజు చేసేచోటుకి కాస్త ఎడంగా ఉండి దువాలో, అంటే వేడుకోలులో, పాల్గొనమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు ఉమ్మె అతియ్యా అనే ఆమె చెప్పిన హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖన) ఉంది. సహీ బుఖారీ, సహీ ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. వెళ్లడం, వెళ్లకపోవడం రెండూ నీకు ఉన్న దారులే. వెళ్తే మాత్రం ముందే ఒకసారి మసీదుకి వెళ్లి, ఆ రోజు ఆడవాళ్లకి చోటు ఉంటుందా, నమాజు ఎన్నింటికి అని అడిగి రా. తుర్కీ మసీదుల్లో కొన్నిచోట్ల ఈద్ నమాజుకు ఆడవాళ్లు తక్కువగా వస్తారు. చోటు లేదంటే దగ్గర్లోని పెద్ద ఊళ్లో అరబ్బులు నడిపే మసీదు చూసుకోవచ్చు, వాళ్లు కుటుంబాలతో వస్తారు. కాకపోతే పొద్దున్నే రైలెక్కాలి. ఆ శ్రమ పడగలవో లేదో నీకే తెలుస్తుంది.

నమాజు రాదని భయపడకు. రెండు రకాతులే, అంటే నిలబడి, వంగి, సాష్టాంగపడే వరస రెండుసార్లు. మామూలు నమాజు కంటే తక్బీర్లు, అంటే "అల్లాహు అక్బర్" అనడం, ఎక్కువ. హనఫీలు రకాతుకి మూడేసి అదనంగా చెబుతారు, వేరే పద్ధతులవాళ్లు ఇంకా ఎక్కువ చెబుతారు. ఇమామ్ చెబుతుంటే నువ్వూ చేతులెత్తడమే. తర్వాత ఖుత్బా, అంటే ఇమామ్ ప్రసంగం. మొత్తం కలిపి గంట పట్టదు.

ఇక నెలవంక. నిన్ను ఆ ఆదివారం రెండు పడవల్లో కాళ్లు పెట్టించింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్లో సముద్రం తూర్పున ఉంది. నెలవంక కనబడేది పడమట, పొద్దు గూకిన తర్వాత కాసేపు. మా చిన్నప్పుడు బీచ్‌కి తీసుకెళ్లి, సముద్రానికి వీపు పెట్టి నిలబడమనేవారు. అందరూ సముద్రం వైపు చూస్తుంటే మేం నలుగురం ఊరివైపు తిరిగి, మేడల మీదుగా ఆకాశం గాలించేవాళ్లం. నువ్వున్న చోట పొద్దు గూకేది విశాఖలో గూకిన నాలుగైదు గంటల తర్వాత. ఆ నాలుగైదు గంటల్లో చంద్రుడు సూర్యుడికి ఇంకాస్త దూరం జరుగుతాడు. పడమటి దేశాల్లో ఒక్కోసారి ముందురోజే కనబడేది అందుకే. దానికి తోడు, జర్మనీలోని తుర్కీ మసీదులు కంటితో చూసేదాకా ఆగవు. ఖగోళ లెక్క ప్రకారం ఏడాది ముందే తేదీ వేసేస్తాయి. మనవాళ్లు కళ్లతో చూసినవాళ్ల సాక్ష్యం వచ్చాకే ప్రకటిస్తారు. రెండు పద్ధతులు, రెండు తేదీలు. ఎవరూ తప్పు చేయడం లేదు.

ఇప్పుడు నీ లెక్క చూడు. నువ్వు మార్చి 1న మొదలుపెట్టావు, 29వ తేదీకి 29 ఒక్కపొద్దులు అయ్యాయి, 30న పండుగ. అమ్మావాళ్లు 2న మొదలుపెట్టారు, 30వ తేదీకి 29 అయ్యాయి, 31న పండుగ. ఇద్దరివీ సరిగ్గా 29. ఒక మసీదుతో నెల మొదలుపెట్టి ఇంకో ఊరితో ముగించబోయేసరికి నీకు చిక్కు వచ్చింది. మొదలు ఎవరితోనో ముగింపూ వాళ్లతోనే పెట్టుకుంటే ఈ గందరగోళం రాదు. పండుగనాడు ఒక్కపొద్దు ఉండకూడదన్నది నిజమే, కానీ నువ్వు తెలియక ఉన్నావు. పైగా ఆ సిరియా అబ్బాయి ఖర్జూరం ఇస్తే విడిచేశావు. దాని గురించి ఇంకా మనసులో పీకుతుంటే అక్కడి ఇమామ్‌నో, మన ఊరి ఆలిమ్‌నో, అంటే మతపండితుణ్ణో, ఒకసారి అడిగి తేల్చేసుకో. నీలోనే పెట్టుకుని నలగొద్దు.

నాన్నకి చెప్పడానికి ఒక సంగతి ఉంది. కురైబ్ అనే ఆయన పనిమీద మదీనా నుంచి సిరియా వెళ్లారు. అక్కడ ఉండగా రంజాన్ నెలవంక కనబడింది, అందరితోపాటు ఆయనా చూశారు. నెలాఖరుకి మదీనా తిరిగొస్తే, అక్కడివాళ్లు ఒకరోజు ఆలస్యంగా చూశారని తెలిసింది. సిరియావాళ్లు చూసింది చాలదా అని ఆయన అడిగితే, చాలదు, మేం చూసినదాన్ని బట్టే మేం నడుస్తాం, ప్రవక్త మాకు అలాగే చెప్పారని ప్రవక్త అనుచరుడు ఇబ్నె అబ్బాస్ జవాబిచ్చారు. సహీ ముస్లింలో ఉంది ఇది. సిరియాకి, మదీనాకి మధ్యనే రెండు తేదీలు వస్తే, జర్మనీకి, గాజువాకకి మధ్య రావడంలో వింతేముంది? ఆలిముల్లో వేరే అభిప్రాయాలవాళ్లూ ఉన్నారు, అందుకని వాదనలా పెట్టుకోకు. "నాన్నా, నేనున్న ఊరివాళ్లతో చేసుకుంటాను, మీ పండుగనాడు మీతోనూ ఉంటాను" అను చాలు. నాన్న ఒప్పుకోకపోతే రెండు దారులున్నాయి. ఆయన మాట ప్రకారం వెళ్తే ఇంట్లో మనసు కుదుటపడుతుంది కానీ, నీ ఊళ్లో నమాజు అయిపోయిన మర్నాడు మళ్లీ ఒక్కదానివే మిగులుతావు. అక్కడివాళ్లతో చేసుకుంటే నాన్న రెండ్రోజులు ముభావంగా ఉండొచ్చు. ఆ ముభావం ఎంతవరకు వెళ్తుందో ఆయన కూతురుగా నీకు తెలిసినంత నాకు తెలియదు.

ఉర్దూ సంగతి. చదువుతుంటే నాకూ కడుపులో మండింది. ఇలాంటి మాట నేనూ పడ్డాను, వేరే ఊళ్లో ఒక పెళ్లిలో. కానీ ఒక్కసారి ఆలోచించు, నువ్వు వెళ్లిన ఆ మసీదులో ఇమామ్ మాట్లాడేది తుర్కీ. మీ రెస్టారెంట్ కుర్రాడిది అరబ్బీ. ప్రపంచంలో ముస్లింలు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటైన ఇండోనేసియాలో ఉర్దూ ఎవరి భాషా కాదు. పక్కనే కేరళలో మలయాళంలో, తమిళనాడులో తమిళంలో మాట్లాడుకుంటూ తరతరాలుగా నమాజు చేస్తున్నారు. ఖురాన్‌ను స్వాతంత్ర్యానికి ముందే తెలుగులోకి తెచ్చారు చిలుకూరి నారాయణరావు గారు, ముస్లిం కాకపోయినా. నీ దువా నువ్వు తెలుగులో అడుగుతావు. అమ్మ ఒడిలో నేర్చుకున్న భాషలో అడిగే దువా కంటే దగ్గరిది నాకు తెలియదు. ఆ అమ్మాయి మళ్లీ ఎదురుపడితే ఏం చేయాలంటావా? "మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం" అని ఒక్క మాట నిమ్మళంగా చెప్పి, కూర్చోవలసిన చోట కూర్చో. లేదా ఆ అమ్మాయి లేని వైపు కూర్చో, అది కూడా తప్పేం కాదు. నేనైతే పండుగకి ముందే, ఇఫ్తార్ రోజుల్లో రెండుమూడుసార్లు వెళ్లి వస్తాను. ఒక చిన్న డబ్బాలో ఖర్జూరాలో, పకోడీలో పట్టుకెళ్లి పక్కన కూర్చున్న తుర్కీ ముసలమ్మకి పెట్టు. నాలుగోసారికి ఆ ముసలమ్మే నీకు చోటు ఉంచుతుంది. పండుగనాటికి తెలిసిన ముఖం ఒక్కటున్నా, మసీదు పరాయిచోటులా అనిపించదు.

ల్యాబ్ గురించి పెద్ద టెన్షన్ పడకు. జర్మనీలో ఈద్‌కి ప్రభుత్వ సెలవు లేదు కాబట్టి నువ్వు చెప్పకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు. అక్కడ రంజాన్ పండుగని త్సుకర్‌ఫెస్ట్, అంటే చక్కెర పండుగ అంటారు. ఆ మాట చెబితే మీ ల్యాబ్‌లో చాలామందికి అర్థమవుతుంది. రెండు వారాల ముందే ఒక మెయిల్ పెట్టు, పూర్తి సెలవు కావాలా, పది గంటలకి వస్తే చాలా అన్నది స్పష్టంగా రాయి. కాదంటే నమాజు చూసుకుని పనికి వెళ్లొచ్చు. రెస్టారెంట్ షిఫ్ట్ మాత్రం ఈసారి ముందే మార్చుకో. ఆ సిరియా కుర్రాడికీ పండుగే కదా, ఇద్దరూ ఒకేసారి అడిగితే ఒకరికి దొరక్కపోవచ్చు, అతనితోనూ మాట్లాడుకో.

మీ తెలుగు రూమ్మేట్ల మాట నాకు చాలా నచ్చింది. నువ్వు వీధిలో క్యారేజీలు పట్టుకుని తిరిగినదానివి. సంక్రాంతికి అరిసెలు ఇచ్చిన ఇళ్లకే కదా రంజాన్‌కి ఖుర్మా తీసుకెళ్లావు! ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలే నీ ఫ్లాట్‌లో ఉన్నారనుకో. వాళ్లకి పండుగ తెలియదని సంకోచిస్తున్నావేమో, ఒక ముస్లిం ఇంటి నుంచి క్యారేజీ వస్తుందని ఎదురుచూడటం తెలుగు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. గిన్నెల సంగతికి తేలిక దారి, ఒక పెద్ద గిన్నె, ఒక గరిటె, ఒక కత్తి నీ సొంతానికి కొనుక్కుని నీ గదిలో పెట్టుకోవడం. వేరే గిన్నె దొరకనప్పుడు ఉన్నదాన్ని శుభ్రంగా కడిగి వాడుకోవచ్చని హదీసులో ఉంది, కాబట్టి స్టౌ గురించి, సింకు గురించి మనసు పాడుచేసుకోకు. వియత్నాం అమ్మాయికి కూడా ముందే చెప్పు, "ఆ ఒక్కరోజు వంటగది నాకు ఇస్తావా, నువ్వూ మాతో తిను" అని. మాంసం తుర్కీ కొట్లో హలాల్‌ది దొరుకుతుంది. సన్న సేమియా కూడా వాళ్ల దగ్గర ఉంటుంది, షెహ్రియె అని అడుగు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఫ్లాట్‌లో పండుగ పెట్టుకుని మసీదుకి వెళ్లకపోతే, అది స్నేహితులతో విందులా మిగిలిపోతుందేమోనని నీకే అనిపించవచ్చు. మసీదుకి వెళ్లి ఫ్లాట్‌లో ఏమీ చేయకపోతే, నమాజు తర్వాత ఖాళీ గదికి తిరిగి రావాలి. ఆ ఖాళీ గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. రెండూ కొంచెం కొంచెం చేయగలిగితే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. ఒకటే చేయగల ఓపిక ఉంటే, ఆ ఏడాదికి ఒకటే చెయ్యి. ఫిత్రా, అంటే పండుగ దానం, మాత్రం నమాజుకు ముందే ఇచ్చెయ్యి. మసీదులో తీసుకుంటారు, లేదా నీ తరఫున అమ్మని ఇవ్వమను. బక్రీదుకి ఖుర్బానీ అక్కడ ఇంట్లో ఇచ్చుకునే వీలుండదు. నాన్న ఇక్కడ నీ పేరున ఇప్పిస్తే సరిపోతుంది.

ఇప్పుడు అమ్మ. ఇది నేనొక తల్లిగా రాస్తున్నాను.

మా పెద్దబ్బాయి ఉద్యోగానికి వేరే దేశం వెళ్లిన మొదటి ఏడు, పండుగనాడు ఫోన్‌లో "అందరం కలిసి చేసుకున్నాం అమ్మీ" అన్నాడు. వెనకాల ఎక్కడా చప్పుడు లేదు. గిన్నెల మోత లేదు, ఎవరి నవ్వూ లేదు. పండుగ జరిగే ఇంట్లో అంత నిశ్శబ్దం ఉండదని ఏ తల్లికైనా తెలుసు. నేనేమీ అడగలేదు. ఫోన్ పెట్టేశాక ఖుర్మా గిన్నె ముందు కూర్చున్నాను, గొంతు దిగలేదు. రెండేళ్ల తర్వాత వాడే చెప్పాడు, ఆ రోజు గదిలో నూడుల్స్ తిని పడుకున్నానని. నాకు కోపం రాలేదమ్మా. రెండేళ్లపాటు దాన్ని మోసుకు తిరిగాడే అన్నదే బాధ. నీ ఫొటోలో కాగితం నక్షత్రం గురించి మీ అమ్మ అడిగిందన్నావు. అడిగి ఊరుకుందన్నావు. వీధంతా చూపించిన మనిషి, రాత్రి ఒంటరిగా మళ్లీ ఆ ఫొటో తీసి, పెద్దది చేసి, కిటికీ దాకా వెళ్లి చూసిందన్నమాట. ఆమెకి ఎంత తెలుసో నేను చెప్పలేను. అసలేమీ తెలియదని మాత్రం అనుకోకు.

చెప్పాలా వద్దా అంటే మూడు దారులు కనబడుతున్నాయి. ఒకటి, రంజాన్ మొదలవకముందే, స్పీకర్ పెట్టకుండా, అమ్మ ఒక్కదానితోనే చెప్పడం. ఏడుస్తుంది. "చదువూ వద్దు ఏమీ వద్దు, వచ్చెయ్" అనే అవకాశం కూడా ఉంది. వీధిలో ఫొటో చూపించినందుకు చిన్నబోతుంది. అందుకే ఊరికే తప్పు ఒప్పుకుని ఆగిపోకుండా, ఈసారి ఏం చేయబోతున్నావో కూడా అదే ఫోన్‌లో చెప్పాలి. రెండోది, పాతది తవ్వకుండా ఈసారి నిజంగా చేసి, నిజం ఫొటో పంపడం. ఎవరికీ నొప్పి ఉండదు. కానీ ఆమె "పోయినసారిలాగే బాగా చేసుకున్నావా?" అన్న ప్రతిసారీ నువ్వు తడబడాలి, ఇంకో చిన్న అబద్ధం తోడవుతుంది. మూడోది, ముందు మీ వదినకి చెప్పడం. ఆమె కూడా పుట్టిల్లు వదిలి కొత్త ఇంట్లో మొదటి పండుగ చేసుకున్న మనిషే, నీ మాట పట్టుకుంటుంది. కాకపోతే తనకంటే ముందు కోడలికి తెలిసిందని అమ్మకి తర్వాత తెలిస్తే ఆ నొప్పి వేరు. నాకు మొదటి దారే మంచిదనిపిస్తోంది. కానీ మీ అమ్మకి బీపీ ఉందని రాశావు, ఎప్పుడు, ఎలా అన్నది నువ్వే చూసుకోవాలి. పండుగనాడు మాత్రం వద్దు. నాన్నకి చెప్పడం అమ్మకే వదిలెయ్యి.

వీడియో కాల్ సంగతి ఇప్పుడే సర్దుకో. ఈసారి తుర్కీ మసీదుల క్యాలెండర్‌లో ఈద్ 2026 మార్చి 20, శుక్రవారం. మన దగ్గర నెలవంకను బట్టి 20 లేదా 21. గడియారాలు ముందుకు జరిపేది 29న కాబట్టి, ఆ రోజుకి మీకూ మాకూ నాలుగున్నర గంటల తేడా. నీ నమాజు ఎనిమిదింటికి అయితే ఇక్కడ పన్నెండున్నర, నాన్నావాళ్లు జుమాకి, అంటే శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి, బయల్దేరే వేళ. ఇక్కడ పండుగ మర్నాడైతే అమ్మ ఇంకా ఒక్కపొద్దులో ఉంటుంది. అప్పుడు చుట్టాలందరి ముందు మసీదు చూపించమనకుండా, అమ్మకి మాత్రం ఐదు నిమిషాలు ఫోన్ చెయ్యి. మసీదు బయట చెప్పులు విప్పే చోటు, చలిలో కోట్ల మీదే కొత్త తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు, మిఠాయిల కోసం చేతులు చాపే పిల్లలు, అవి చూపించు. లోపల నమాజు చేసేవాళ్ల మీద కెమెరా పెట్టకు, వాళ్లకి నచ్చకపోవచ్చు. శనివారం నీకు సెలవు. ఫ్లాట్‌లో భోజనాలు ఆ రోజు పెట్టుకుంటే రూమ్మేట్లకీ వీలు, ఇక్కడ పండుగ శనివారమే అయితే అదే రోజు ఇంటితోనూ కలుస్తావు. నువ్వు మధ్యాహ్నం ఒంటిగంటకి వడ్డించేటప్పుడు ఇక్కడ ఐదున్నర, మీవాళ్లు బీచ్‌కి బయల్దేరుతుంటారు. అన్నయ్యని అక్కడినుంచి కాల్ చేయమను.

పండుగ మానేస్తే ఏమవుతుందని అడిగావు. ఏమీ అవదు, మొదటి ఏడాది. రెండో ఏడాది ఇంకాస్త తేలిక. చదువయ్యాక ఉద్యోగం అక్కడే చూసుకుంటానని కూడా రాశావు కదా, ఐదో ఏటికి తేదీ ఎప్పుడో గుర్తుండదు, గుర్తొచ్చిన రోజున పిలవడానికి ఎవరూ ఉండరు. నీకు అదే హాయి అనిపిస్తే అది నీ జీవితం, నేను కాదనను. కానీ హాయిగా ఉండగలిగే పిల్లవైతే, గిన్నెలు కడిగేచోట ఒక ఖర్జూరం చేతిలో పడగానే ఏడ్చేదానివి కాదు.

రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలవుతుంది. అమ్మకి ఫోన్ చేసే రోజు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకో. చెప్పాల్సింది చెప్పి, ఆమె ఏడుపు ఆగాక, ఖుర్మా ఎలా చేయాలో అడుగు. నువ్వు జీడిపప్పు తరిగావు కానీ పొయ్యి దగ్గర ఎప్పుడూ నిలబడలేదు. నెయ్యి "కాస్త" వెయ్యమంటుంది, పాలు "సరిపడా" పొయ్యమంటుంది. నలుగురికి కాస్త అంటే ఎన్ని చెంచాలో, సరిపడా అంటే ఎన్ని గ్లాసులో విడిచిపెట్టకుండా అడిగి రాసుకో.